టనెల్ క్లబ్: ఆ రెండు లైన్లూ మార్చండి

మీ పాడ్‌కాస్ట్ స్క్రిప్టులో ‘భూగర్భ సొరంగంలో పుట్టిన హిప్‌హాప్ క్లబ్’ అన్న లైను ఉంచాలా అని అడిగారు కదండీ, తీసేయండి. న్యూయార్క్‌లోని టనెల్ నైట్‌క్లబ్ భూగర్భంలో ఉండేది కాదు. మన్‌హాటన్ పడమటి అంచున, పన్నెండో అవెన్యూలో ఉన్న పాత గోదాము అది. ఒకప్పుడు గూడ్సు వ్యాగన్లు నేరుగా లోపలికే వచ్చేవి. ఆ పట్టాలను క్లబ్బులో అలాగే వదిలేశారు, పేరు కూడా అందుకే.

పైగా 1986లో తెరిచింది హిప్‌హాప్ కోసం కాదు. అసలు ఊపు తొంభైల్లో, ఆదివారం రాత్రులు డీజే ఫంక్‌మాస్టర్ ఫ్లెక్స్ హిప్‌హాప్ రికార్డులు తిప్పడం మొదలయ్యాక వచ్చింది. గుమ్మం దగ్గర ఒళ్లంతా తడిమి సోదా చేసేవాళ్లు. ఇంత చేసినా క్యూ తగ్గేది కాదు! కొత్త పాటకి అక్కడి జనం ఊగితే హిట్టన్నట్టే.

మీ చివరి లైను, ‘యజమానికి డ్రగ్స్ కేసులో శిక్ష పడి మూసేశారు’, అది కూడా తప్పే. యజమాని పీటర్ గేషన్ 1998లో ఆ కేసులో నిర్దోషిగా బయటపడ్డాడు. దొరికిపోయింది పన్ను ఎగవేతలో. క్లబ్బుల మీద పోలీసుల ఒత్తిడి కూడా తోడై, 2001లో తాళం పడింది.