టెక్ సందేహాలు: ప్యానెల్ ఆఖర్న కొనాలి

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్, వైఫై రౌటర్, ఒక బల్బు, రెండు ఫోన్లు నడిచేలా చేత్తో మోసుకెళ్లే సోలార్ పెట్టె సొంతంగా చేసుకుందామనుకుంటున్నాను. 100 వాట్ల ప్యానెల్ కొనేశాను. బ్యాటరీ ఏది తీసుకోవాలి?

జవాబు: ప్యానెల్ ముందే కొనేశారా! మీరే కాదు, చాలామంది చేసే పనే ఇది. లెక్క మాత్రం అటు చివర నుంచి మొదలుపెట్టాలి. లాప్‌టాప్ 45 వాట్లు, 3 గంటలకు 135 వాట్-అవర్లు. రౌటర్ 10 వాట్లు, 8 గంటలకు 80. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు 4 గంటలకు 36. ఫోన్లు రెండింటికీ ఒక 40 వేసుకోండి. మొత్తం 291. మధ్యలో ఇన్వర్టరూ తీగలూ తినేది కలిపి 350 అనుకుందాం.

12.8 వోల్ట్ల, 40 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 512 వాట్-అవర్లుంటాయి. 80 శాతమే వాడుకున్నా 410 వస్తుంది, సరిపోతుంది. లోపల బీఎంఎస్ (సెల్స్ మరీ నిండకుండా, మరీ ఖాళీ కాకుండా కాపాడే సర్క్యూట్) ఉన్నదే తీసుకోండి. లెడ్-యాసిడ్ అయితే సగానికి మించి దించితే త్వరగా పాడవుతుంది కాబట్టి 60 ఆంపియర్-అవర్లది కావాలి. తేడా ఏంటో ఎత్తినప్పుడు మీ నడుమే చెబుతుంది.

ఇక ప్యానెల్. మంచి రోజున 4 గంటల పూర్తి ఎండతో సమానమైన వెలుగు పడి, అందులో 70 శాతం చేతికొస్తే 280. మీకు కావాల్సింది 350. ఇంకో ప్యానెల్ కొనేముందు ఒకటి ఆలోచించండి. 10 వాట్ల రౌటర్ కోసం ఇన్వర్టర్ వేసి ఉంచితే, ఏ పనీ చేయకుండానే అది కొన్ని వాట్లు తాగేస్తుంది. రౌటర్‌కి 12 వోల్ట్లు స్థిరంగా ఇచ్చే చిన్న డీసీ కన్వర్టర్ చాలు (బ్యాటరీకి నేరుగా కలపొద్దు, నిండినప్పుడు అది 14 వోల్ట్లు దాటుతుంది). యూఎస్‌బీ-సీతో చార్జ్ అయ్యే లాప్‌టాప్‌కి తగిన వాట్లిచ్చే కారు చార్జర్, 12 వోల్ట్ల బల్బు పెట్టుకుంటే అసలు ఇన్వర్టరే అక్కర్లేదు.

ప్రశ్న: 500 వాట్ల ఇన్వర్టర్‌తో పెట్టె చేశాను. డ్రిల్ మెషీన్ పెడితే బ్యాటరీ తీగ చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది. ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం తీగే వేశాను.

జవాబు: ముందు దాన్ని ఆపేయండి. 400 వాట్ల పనికి 230 వోల్ట్ల దగ్గర 2 ఆంపియర్లు కూడా పారవు. అదే పనికి 12 వోల్ట్ల బ్యాటరీ నుంచి నష్టాలతో కలిపి 40 ఆంపియర్ల దాకా లాగాలి. కరెంటు 20 రెట్లు పెరిగితే అదే తీగలో పుట్టే వేడి 400 రెట్లు పెరుగుతుంది. 16 స్క్వేర్ ఎంఎం రాగి తీగ వేయండి, వీలైనంత పొట్టిగా.

మీ ఉత్తరంలో ఫ్యూజు మాటే లేదు, నాకు భయం వేసింది అక్కడే. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు లోపే 60 ఆంపియర్ల డీసీ ఫ్యూజు పెట్టండి. అది కాపాడేది ఇన్వర్టర్‌ని కాదు, తీగని. బీఎంఎస్ ఉందిగా అని వదిలేయొద్దు.

నా మొదటి పెట్టెలో తీగ లావుదే, ఫ్యూజూ ఉంది. తీగ కొసకు తొడిగే లగ్‌ని మాత్రం క్రింపింగ్ టూల్ లేక సుత్తితో కొట్టి నొక్కాను. పావుగంటకి ఏదో కాలిన వాసన. చూస్తే ఎర్ర స్లీవ్ గోధుమ రంగుకి తిరిగి, ముడుచుకుని లగ్‌కి అతుక్కుపోయింది. ఫ్యూజు పోలేదు. ఎందుకు పోతుంది? కరెంటు ఎక్కువ కాలేదు, అతుకే వదులు. బిగించాక ప్రతి అతుకునీ గట్టిగా లాగి చూడండి.

ప్రశ్న: 100 వాట్ల ప్యానెల్ నుంచి మిట్టమధ్యాహ్నం 60 వాట్లే వస్తున్నాయి. ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య చార్జింగ్‌ని అదుపు చేసే కంట్రోలర్ పీడబ్ల్యూఎం రకానిది. మోసపోయానా?

జవాబు: తొందరపడకండి. మీ ప్యానెల్ 100 వాట్లిచ్చేది 18 వోల్ట్లు, 5.5 ఆంపియర్ల దగ్గర. పీడబ్ల్యూఎం ఆ 18ని బ్యాటరీ వోల్టేజీకి దించేస్తుంది. 13 వోల్ట్లని 5.5తో గుణిస్తే 72 వాట్లు. కాస్త దుమ్ము, కాస్త వాలు తేడా చేరితే 60 మామూలే. ప్యానెల్‌ని దానికి సరిపడే వోల్టేజీ దగ్గరే నడిపే ఎంపీపీటీ రకం కంట్రోలర్ పెడితే పోతున్నదాంట్లో చాలావరకు తిరిగొస్తుంది. పైగా బ్యాటరీ దాదాపు నిండి ఉంటే కంట్రోలరే చార్జింగ్ తగ్గిస్తుంది. సగం ఖాళీ చేసి మళ్లీ కొలవండి. దండెం నీడ పడుతోందేమో కూడా చూడండి. సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి సన్నటి నీడ కూడా దాని వెడల్పుకి మించి దెబ్బ తీస్తుంది.

ప్రశ్న: పాత లాప్‌టాప్ బ్యాటరీల్లోని సెల్స్ తీసి ప్యాక్ చేసుకోవచ్చా?

జవాబు: ఇదే మీ మొదటి ప్రాజెక్టయితే వద్దు. అవి ఐరన్ ఫాస్ఫేట్ కంటే తేలిగ్గా మంటలంటుకునే రకం, పైగా ఏది ఎంత అరిగిందో పైకి కనపడదు. టార్చిలైట్ కోసం ఒక్క సెల్ కావాలన్నా ముందు మీటరు పెట్టి చూడండి. 2.5 వోల్ట్ల కంటే కిందకి పడిపోయినదాన్ని చార్జింగ్‌కి పెట్టొద్దు. కొసలకి టేపు వేసి ఈ-వేస్ట్‌కి ఇచ్చేయండి.