కడప వంటింటికి కత్తి కొంటున్నారా?

అమెరికాకు కొత్తగా వచ్చిన మన పిల్లలు మొదటి జీతంతో ఊరికి ఏం పట్టుకెళ్లాలని అడుగుతుంటారు. మొన్న ఒకబ్బాయి ‘‘మా మామ వంటమాస్టర్ అన్నా, మంచి కత్తి కొనిస్తా’’ అన్నాడు. చాలా సంతోషమేసింది. అయితే షాపులో మెరుపు చూసి మాత్రం కొనొద్దు. నేను అలాగే కొన్నాను.

డాలస్ వచ్చిన రెండో ఏడు, కడపలో పెళ్లిళ్లకు వండే మా మేనమామకు జపాన్ కత్తి తీసుకెళ్లాను. బ్లేడంతా అలల్లాంటి గీతలు. మామ మురిసిపోయి ఆ సాయంత్రమే నాటుకోడి తెప్పించాడు. తొడ ఎముక మీద నాలుగు దెబ్బలు పడ్డాక అంచును గోటితో తడిమి చూశాడు. మూడు చోట్ల పెచ్చులూడి గోరు తగులుకుంటోంది. ఒక్క మాట కూడా అనకుండా తుడిచి పెట్టెలో పెట్టేశాడు. ఆ ముఖం నాకింకా గుర్తే.

తప్పు కత్తిది కాదు. జపాన్ ఉక్కు బాగా గట్టిది, గట్టిదనం చెప్పే రాక్‌వెల్ కొలతలో చాలావాటికి 60, ఆ పైన. పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, ఎముక తగిలితే చిట్లుతుంది. జర్మనీలో సోలింగెన్ ఊరి వుస్థాఫ్, జ్విల్లింగ్ కత్తులు 57, 58 దగ్గర ఉంటాయి, మొరటు వాడకానికి తట్టుకుంటాయి. నన్నడిగితే స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్, 8 అంగుళాలది కొనండి. తేలిక, ధర తక్కువ, జిడ్డు చేతికీ పిడి జారదు. ఎముకలకు ఇంట్లో మచ్చుకత్తి ఎటూ ఉంటుంది. కార్బన్ స్టీల్ వద్దు, చింతపండు పులుసు తగిలితే నల్లబడుతుంది, తడి వదిలేస్తే తుప్పే.

కత్తి ఒక్కటే ఇస్తే సగం కానుకే. మన ఇళ్లలో వంటగట్టు కడప బండ. దాని మీద నేరుగా తరిగితే ఎంత ఖరీదు కత్తయినా త్వరలోనే మొద్దుబారుతుంది, కాబట్టి చెక్క పలక కూడా ఇవ్వండి. గరుకుదనంలో 1000 నంబరు సానరాయి కూడా పెట్టండి. వీధిలో తిరిగే సానచక్రానికిస్తే నిప్పురవ్వలు లేచే ఆ వేడికి సన్నటి అంచు మెత్తబడిపోతుంది. రాయిని తడిపి, 15 నుంచి 20 డిగ్రీల వాలులో ఎలా రుద్దాలో పక్కన కూర్చుని మీరే చూపించండి.

అంచుకు మందపాటి అట్ట చుట్టి, టేపు వేసి చెకిన్ లగేజీలోనే పెట్టాలి. హైదరాబాద్‌లో దిగి కడపకు మళ్లీ విమానం ఎక్కేవాళ్లు కూడా హ్యాండ్ బ్యాగులోకి మార్చుకోవద్దు.

కత్తి ఊరికే ఇస్తే బంధం తెగుతుందని అవ్వ టెన్షన్ పడితే ఒక రూపాయి పుచ్చుకుని ఇవ్వండి. రెండోసారి నేను తెచ్చిన కత్తికి మామ రూపాయిచ్చి, అక్కడే గంపెడు ఎర్రగడ్డలు తరిగాడు. ‘‘వచ్చేసారి మా పిల్లోనికీ ఒకటి తీసుకురా రా’’ అన్నాడు. వాడు ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నవాడు. ఈ డిసెంబర్‌కి అది కొనాలి.