ఓఎస్ లేకుండా కోడ్ రాయడం ఎందుకండీ? (పాఠకుల ప్రశ్నలు, నా జవాబులు)

పోయిన సంచికలో నేను ఖాళీ టైంలో బేర్ మెటల్ కోడింగ్ చేస్తుంటానని, అంటే విండోస్, లినక్స్ లాంటి ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టం) ఏదీ లేని చిప్పు మీద నేరుగా ప్రోగ్రాం రాస్తుంటానని ఒక చిన్న ముక్క రాశా కదా, దానికి చాలా ఉత్తరాలొచ్చాయి, చాలా సంతోషంగా ఉంది. అన్నిటికీ చోటు చాలదు, కొన్నిటికి ఇక్కడ రాస్తున్నా.

అన్నా, నేను ఈసీఈ థర్డ్ ఇయర్. ఆర్డుయినో బోర్డు మీద డిజిటల్‌రైట్ అని ఒక్క లైను రాస్తే ఎల్ఈడీ వెలుగుతోంది. మీరేమో రిజిస్టర్లు (చిప్పుని నడిపే లోపలి మెమరీ గళ్ళు), డేటాషీట్లు (చిప్పు వివరాల పుస్తకాలు) అంటున్నారు. ఆ కష్టమంతా దేనికి?
– ఒక విద్యార్థి, నరసరావుపేట

తమ్ముడూ, వెలుగుతోంది, కాదనను. కానీ ఆ ఒక్క లైను కింద ఏం జరుగుతోందో ఒకసారి చూడు. ఆర్డుయినోల్లో ఒకటైన ఊనో బోర్డు మీద ఉన్న చిప్పు ఏటీమెగా 328పీ. మనం 13వ పిన్ను అని పిలిచేది ఆ చిప్పుకి తెలీనే తెలీదు, దానికి తెలిసింది పోర్ట్ బీ అనే పిన్నుల గుంపులో 5వ బిట్టు అంతే. డిజిటల్‌రైట్ అన్న ప్రతిసారీ 13 అంటే ఏ పోర్టు, ఏ బిట్టు అని టేబుల్లో వెతికి, ఆ పిన్ను మీద పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్-ఆఫ్ చేసి వెలుగు తగ్గించే పద్ధతి) నడుస్తోందేమో చూసి, ఇంటరప్టులు (మధ్యలో వేరే పనికి పిలిచే సంకేతాలు) ఆపి, బిట్టు మార్చి, మళ్ళీ ఇంటరప్టులు వదులుతుంది, ఈ తతంగానికి యాభై క్లాక్ సైకిళ్ళు (చిప్పు గడియారం టిక్కులు) దాటిపోతాయి. అదే బిట్టుని నువ్వే నేరుగా మారిస్తే ఒక్క ఇన్‌స్ట్రక్షను, రెండు సైకిళ్ళు, 16 మెగాహెర్ట్జ్ దగ్గర అది మైక్రోసెకనులో ఎనిమిదో వంతు.

స్పీడు అవసరం లేని చోట కూడా నేను ఇలాగే రాస్తా, దానికి కారణం వేరే ఉంది. ఆఫీసులో నేను రాసే కోడు కింద ఫ్రేంవర్కు, దాని కింద ఇంకో లైబ్రరీ, దాని కింద కంటైనరు, దాని కింద ఎవరిదో క్లౌడు, ఏదన్నా తేడా కొడితే అడుగుదాకా తెలిసిన మనిషి ఎవరూ ఉండరు. ఇక్కడ మాత్రం అడుగు కనబడుతుంది. రాస్ప్‌బెర్రీ పై పైకో అని 2021 జనవరిలో 4 డాలర్లకి వచ్చిన బోర్డు ఉంది, నాకిష్టమైన బోర్డు అదే. దానికి కరెంటివ్వగానే లోపలి బూట్ రోమ్ (చిప్పులోనే మార్చలేకుండా ఉండే మొదటి ప్రోగ్రాం) ఫ్లాష్ (మన ప్రోగ్రాం ఉండే మెమరీ) నుంచి మొదటి 256 బైట్లు చదువుతుంది, అందులో చివరి నాలుగు బైట్లు చెక్‌సమ్ (మిగతా బైట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే లెక్క), అది కుదరకపోతే నీ ప్రోగ్రాంని ముట్టుకోదు, యూఎస్‌బీ మోడ్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. అది దాటినా ఎల్ఈడీ వెంటనే వెలగదు, ఎందుకంటే పిన్నుల్ని నడిపే భాగం ఇంకా రీసెట్‌లోనే, అంటే ఆపేసిన స్థితిలోనే ఉంటుంది. దాన్ని విడిపించాలి, విడిపోయిందా లేదా అని ఆగి చూడాలి, ఎల్ఈడీ ఉన్న 25వ పిన్నుకి 5వ నంబరు ఫంక్షన్ (ప్రోగ్రాం నేరుగా నడిపే మోడ్) ఇవ్వాలి, అవుట్‌పుట్‌గా పెట్టాలి, అప్పుడు ఒక బిట్టు రాస్తే వెలుగు. ఆ వెలుగులో నీకు తెలియకుండా జరిగింది దాదాపు ఏమీ ఉండదు. నాకు ఆ తృప్తి చాలా పెద్దది తమ్ముడూ, ఒక్కసారి రుచి చూడు, ఆ తర్వాత లైబ్రరీలు వాడుకున్నా అవి ఏం చేస్తున్నాయో తెలిసి వాడతావు, ఇంటర్వ్యూలో కూడా అక్కరకొస్తుంది.

బళ్ళో తెలుగు చెబుతుంటాను. మీ చిన్న స్క్రీన్ల మీద ఎప్పుడూ ఇంగ్లీషే ఎందుకు? తెలుగు రాదా?
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

మాస్టారూ, నా మనసులో ఉన్న ప్రశ్న మీరు అడిగారు. వస్తుంది, కానీ ప్రతి అక్షరం మనమే గీసుకోవాలి.

ఫోన్‌లో మనం "స్త్రీ" అని కొడితే లోపల అది ఒక అక్షరంగా ఉండదండీ. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, ఇలా ఆరు యూనికోడ్ విలువలు (అక్షరాలకి ఇచ్చిన నంబర్లు), వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. వీటన్నిటినీ కలిపి ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, గుడి దేని మీద పెట్టాలో తేల్చడానికి ఫోన్‌లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్, దానికి తోడు అన్ని రూపాలూ ఉన్న ఫాంటు ఉంటాయి. నా చిప్పులో అవేవీ లేవు. కొన్ని మెషీన్లలో కనిపించే రెండు వరుసల ఎల్‌సీడీ చూశారా, వరుసకి 16 గళ్ళుంటాయి, ఒక్కో గడిలో అడ్డంగా 5 చుక్కలు నిలువుగా 8 చుక్కలు, మనం సొంతంగా గీసుకునే అక్షరాలకి అందులో ఇచ్చింది ఎనిమిదే ఎనిమిది. "ర" ఎలాగో పడుతుంది, "ఘ" దగ్గరే ఊపిరాడదు, "స్త్రీ" సంగతి చెప్పక్కర్లేదు.

అందుకని నేను 128 అడ్డం 64 నిలువు చుక్కలున్న చిన్న ఓఎల్ఈడీ స్క్రీన్ వాడతా. ఒక్కో అక్షరానికి 24 బై 24 చుక్కలు ఇస్తే 72 బైట్లు. 35 హల్లులకి తలా 14 గుణింతాలు అనుకుంటే (సున్నా, విసర్గ పక్కన విడిగా పెట్టుకోవచ్చు) 490 బొమ్మలు, 35,280 బైట్లు. ఊనోలో ఫ్లాష్ మొత్తం 32,768 బైట్లే, అంటే ఒత్తుల దాకా వెళ్ళకుండా గుణింతాలతోనే నిండి పొంగిపోయింది. పైకో బోర్డు మీద 2 ఎంబీ ఉంటుంది కాబట్టి అక్కడ హాయి. లేదూ ఊనోలోనే చేయాలంటే తలకట్టు లేని హల్లుని ఒక బొమ్మగా, గుడిని ఒక బొమ్మగా పెట్టుకుని ఒకదాని మీద ఒకటి పరచాలి, అయితే మన లిపి అంత సులువుగా లొంగదు, "ప", "వ"లకి కొమ్ములు ఒకలా వస్తే "క"కి ఇంకోలా వస్తాయి, "ఘొ", "మొ" మళ్ళీ వేరే దారి, వాటికి మినహాయింపుల పట్టిక రాసుకోవాలి. ఈ పని చేస్తున్నప్పుడే మన అక్షరాలని నేను మొదటిసారి సరిగ్గా చూశానేమో అనిపించింది. పుట్టి పెరిగిన భాష లిపి ఇలా ఒక్కో చుక్కా పెట్టి నిలబెట్టడం చాలా విలువైన పని అని నేను గట్టిగా నమ్ముతా, మీ బళ్ళో పిల్లలకి గళ్ళ పుస్తకం ఇచ్చి ఒక్కో అక్షరం గీయించండి మాస్టారూ, అది నేరుగా కోడులో పెట్టుకోవచ్చు.

మా అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పగలంతా కంప్యూటరే, రాత్రి భోంచేసి మళ్ళీ వైర్లు, కంప్యూటరు. దీనికి జీతం కూడా ఎవరూ ఇవ్వరట. ఏం చెప్పను బాబూ?
– ఒక అమ్మ, రాజమండ్రి

అమ్మా, సంక్రాంతి నెలలో మీరు చలిలో లేచి 15 చుక్కలు పెట్టి సందు చుక్క 8 దాకా ముగ్గేస్తారు కదా, దానికి జీతం ఎవరిస్తారు? తొక్కుతారని తెలిసినా వేస్తారు, చివరి గీత వచ్చి మొదటి గీతలో కలిసినప్పుడు మీకు ఎలా ఉంటుందో మీ అబ్బాయికి ఆ ఎల్ఈడీ వెలిగినప్పుడు అలా ఉంటుంది. నిద్ర పాడుచేసుకోకుండా మాత్రం చూడండి, పదకొండు తర్వాత కోడ్ వద్దని నేను చెప్పానని చెప్పండి. ఇంకో మాట, సోల్డరింగ్ (లోహపు తీగ కరిగించి వైర్లు అతకడం) చేసేటప్పుడు కిటికీ తీసి ఉంచమనండి, ఆ పొగ మంచిది కాదు, పని అయ్యాక చేతులు కడుక్కుని గానీ ఏమీ తినొద్దనండి, ఆ తీగలో చాలావరకు సీసం ఉంటుంది.

వినాయక చవితికి మా మండపంలో రంగులు మారే ఎల్ఈడీ స్ట్రిప్పులు మేమే ప్రోగ్రాం చేసి పెడదాం అనుకుంటున్నాం, 300 లైట్లు. ఊనో సరిపోద్దా?
– ఒక యువజన సంఘం కుర్రాళ్ళు, అనకాపల్లి

సరిపోద్ది, చాలా మంచి ఆలోచన. నా చిన్నప్పుడు సీరియల్ సెట్లు పెట్టేవాళ్ళ దగ్గర ఒక చెక్క డ్రమ్ము ఉండేది, దాని మీద రాగి రేకులు కొట్టి ఉండేవి, మోటరు దాన్ని తిప్పుతుంటే రేకు తగిలిన లైను వెలిగేది, రేకులు ఎక్కడ కొట్టాలో అదే ప్రోగ్రాం. దేవుడి బొమ్మ కటౌట్ మీద చక్రం తిరిగినట్టు కనపడేదంతా ఆ డ్రమ్ము చేసిన పనే, మేము దేవుడి కంటే ఆ డ్రమ్ము దగ్గరే ఎక్కువసేపు నిలబడేవాళ్ళం. ఆ పని చేసినాయన ఎలక్ట్రానిక్స్ చదివుండడు, కానీ టైమింగ్ అంటే ఏంటో ఆయనకి పూర్తిగా తెలుసు.

మీ స్ట్రిప్పు డబ్ల్యూఎస్2812 రకమైతే, అందులో ఒక్కో బిట్టుకి 1.25 మైక్రోసెకన్లు, ఊనోలో సరిగ్గా 20 సైకిళ్ళు. ఆ టైంలో డేటా తీగ తక్కువసేపు హై వోల్టేజిలో ఉంటే సున్నా, ఎక్కువసేపుంటే ఒకటి. ఒక లైటుకి 24 బిట్లు, ముందు పచ్చ, తర్వాత ఎరుపు, తర్వాత నీలం. 300 లైట్లకి 9 మిల్లీసెకన్లు పడుతుంది, అంతసేపూ ఇంటరప్టులు ఆపాలి, అందుకే మిల్లీస్ (ఆర్డుయినోలో టైం లెక్క చెప్పే ఫంక్షన్) మీద ఆధారపడితే టైం వెనకబడుతూ ఉంటుంది, పాటకి తగ్గట్టు ఆడించాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. మెమరీ 900 బైట్లు పోతుంది, ఉన్నది 2048, పర్లేదు.

కోడు కంటే ముఖ్యమైంది కరెంటు. అన్నీ ఫుల్ తెలుపులో వెలిగితే లైటుకి 60 మిల్లీ ఆంపియర్ల చొప్పున 18 ఆంపియర్లు, దాన్ని స్ట్రిప్పు ఒక చివర నుంచి మాత్రమే ఇస్తే స్ట్రిప్పు లోపలి సన్న రాగి రేకు వేడెక్కుతుంది, దూరంగా ఉన్న లైట్లు ఎర్రబడతాయి. మధ్య మధ్యలో లావు వైర్లతో పవర్ ఇవ్వండి, ఫ్యూజు పెట్టండి, బ్రైట్‌నెస్ తగ్గించండి. చవితి వానల్లోనే వస్తుంది కాబట్టి సప్లై నేల మీద పెట్టొద్దు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) లేకుండా మండపానికి లైను లాగొద్దు, పిల్లలు తిరిగే చోటు.

అన్నా, మా నాయిన బాయికాడ ఫోన్ చేస్తే మోటర్ ఆనయ్యే స్టార్టర్ పెట్టిండు. కరెంట్ పోయి వస్తే ఒక్కోసారి అది బిగుసుకపోతది, ఫోన్ ఎత్తది. మెయిన్ ఆపి మల్ల ఏస్తేనే పనిజేస్తది. ఎందుకట్ల?
– ఒక రైతు బిడ్డ, నల్గొండ జిల్లా

తమ్మీ, ఆ డబ్బాలో ఉన్నది కూడా బేర్ మెటల్ ప్రోగ్రామే. అసలు మన చుట్టూ వాషింగ్ మెషీను, ఇన్వర్టరు, లిఫ్టు, కాటా, ఇలా ఓఎస్ లేకుండా నడిచేవే ఎక్కువ, మనం వాటిని కంప్యూటర్లు అనుకోం అంతే. మోటరు కాంటాక్టర్ (మోటరుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్చి) పడ్డప్పుడల్లా వైర్లలో పెద్ద ఝలక్ పుడుతుంది, అది చిప్పు దాకా వస్తే ప్రోగ్రాం దారి తప్పి ఎక్కడో ఆగిపోతుంది. దీనికోసమే చిప్పుల్లో వాచ్‌డాగ్ అని టైమర్ ఉంటుంది, ప్రోగ్రాం మధ్యమధ్యలో నేను బాగానే ఉన్నా అని దానికి చెప్తుండాలి, చెప్పకపోతే అదే రీసెట్ చేస్తుంది, ఏటీమెగాలో ఇది గరిష్ఠంగా 8 సెకన్లు. మీ స్టార్టర్‌లో అది ఆన్ చేయలేదో, లేక ఫోన్ మాడ్యూల్ ఒక్కటే బిగుసుకుని మిగతాది బాగానే ఉందో చూడాలి. రెండో రకమైతే ఆ మాడ్యూల్‌కి కరెంటు తీసి ఇచ్చే ఏర్పాటు ప్రోగ్రాంలో ఉండాలి, కాంటాక్టర్ కాయిల్ మీద స్నబ్బర్ (ఆ ఝలక్‌ని తగ్గించే భాగం) పెట్టించు.

నువ్వే ఒకటి రాస్తానంటే ఇంకో సంగతి. ఊళ్ళో అన్ని ఆటో స్టార్టర్లూ కరెంటు రాగానే ఒకేసారి మోటర్లు లేపితే వోల్టేజి పడిపోతుంది, అందుకే కాసేపు ఆగాలి, ఆ ఆగే టైం ఒక్కో డబ్బాకి ఒక్కోలా ఉండాలి. ఒక ఫేజు పోతే మోటరు లేపనే కూడదు, వైండింగ్ కాలిపోతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే అడిగింది, అవి ఉంటే మోటరు అవసరం లేకపోయినా నడిచి భూమిలో నీళ్ళు అయిపోతాయని. ఆ మాట సబబే, కాబట్టి నువ్వు రాసే దాంట్లో ఎంతసేపు నడవాలో పరిమితి పెట్టు, బాయిలో నీళ్ళు లేకపోతే ఆగిపోవాలి.

పాత ల్యాప్‌టాప్ ఉంది, దాని మీద సొంత బూట్ ప్రోగ్రాం రాయొచ్చా?
– హైదరాబాద్

బయోస్ (ఆన్ చేయగానే నడిచే పాత రకం ప్రోగ్రాం) మోడ్ ఉంటే రాయొచ్చు. డిస్కులో మొదటి సెక్టారు 512 బైట్లు, చివరి రెండు బైట్లు హెక్స్‌లో 55, ఏఏ ఉండాలి, బయోస్ దాన్ని 7సి00 అడ్రస్‌లో పెట్టి నీకు పగ్గాలిచ్చేస్తుంది. బి8000 దగ్గర అక్షరం ఒక బైటు, రంగు ఒక బైటు చొప్పున రాస్తే స్క్రీన్ మీద కనపడుతుంది. ముందు క్యూఈఎంయూలో (కంప్యూటర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) చెయ్యి, తర్వాత పెన్‌డ్రైవ్ మీద, హార్డ్ డిస్కు జోలికి వెళ్ళకు.

ఈ సామాను ఎక్కడ దొరుకుద్ది?
– చాలామంది

హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్‌పీ రోడ్డు. మొదటిసారికి పైకో బోర్డు, బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా వైర్లు గుచ్చే పలక), కొన్ని వైర్లు, ఎల్ఈడీలు, 330 ఓమ్‌ల రెసిస్టర్లు చాలు. కేబుల్ కొనేటప్పుడు డేటా కేబులేనా అని అడగండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ పెడితే బోర్డు కంప్యూటర్‌కి కనపడదు, మంచి బోర్డుని పాడైందనుకుని పక్కన పడేస్తారు.