గిఫ్ట్: జర్మన్‌లో విషం, స్వీడిష్‌లో పెళ్ళి?

ఇంగ్లిష్, జర్మన్, స్వీడిష్ భాషల్లోని 'గిఫ్ట్' (gift) మూడూ ఒకే మాటేనా అని అడిగారు కదా, అవును, మూడూ ఒకే మాటండీ. ఇంగ్లిష్‌లో కానుక, జర్మన్‌లో విషం, స్వీడిష్‌లో 'పెళ్ళైన'. మూడింటికీ మూలం 'ఇవ్వడం' అనే పాత జర్మానిక్ (ఈ మూడు భాషల పూర్వభాష) ధాతువే.

విషం ఎలా అయిందంటే, గ్రీకులో 'డోసిస్' అంటే ఇవ్వడం, ఇచ్చే మందు మోతాదు. దాని ప్రభావంతోనే జర్మన్ 'గిఫ్ట్'కీ మందు మోతాదు అనే అర్థం వచ్చి, అది విషానికి మర్యాదమాటగా స్థిరపడింది. మనం 'మందు పెట్టారు' అన్నట్టే! 'ఇవ్వడం' అనే పాత అర్థం 'మిట్‌గిఫ్ట్' (కట్నం) అనే మాటలో ఇంకా బతికే ఉంది. కానుక కావాలంటే 'గెషెంక్' అనండి. డబ్బా మీద 'గిఫ్టిష్' (giftig) అని ఉంటే అది విషపూరితం, ముట్టుకోవద్దు.

స్వీడిష్‌లో పెళ్ళి అర్థం పిల్లనివ్వడం నుంచి వచ్చింది. అక్కడ విషం కూడా 'గిఫ్ట్' అనే రాస్తారు, రెండింటినీ 'యిఫ్ట్' అనే పలుకుతారు. కాబట్టి వాక్యం చూడాలి: 'హూన్ ఎర్ యిఫ్ట్' అంటే ఆమెకు పెళ్ళైంది, ముందు 'ఎత్' ('ఒక' అనే మాట) ఉండి వెనక నామవాచకం లేకపోతే విషం. 'ఎత్ యిఫ్ట్ పార్' మాత్రం పెళ్ళైన జంట.