బాండ్ డిస్కౌంట్: రెండో వడ్డీ నుంచి జవాబు తప్పడానికి కారణం

బాండ్ లెక్కలో మొదటి ఎంట్రీ సరిపోయింది, రెండో వడ్డీ దగ్గర మళ్లీ 4,614 వేస్తే ఆన్‌లైన్ హోంవర్క్ తప్పంటోంది, ఎందుకని అడిగారు. మీరు క్యారీయింగ్ వాల్యూని (ఆ సమయానికి ఖాతాల్లో బాండ్ విలువని) మార్చకుండా పాతదే వాడుతున్నారు. ఫార్ములాలో తప్పేమీ లేదు.

మీ లెక్క: ముఖవిలువ 1,00,000, కూపన్ (బాండ్ మీద ఇచ్చే వడ్డీ రేటు) 8 శాతం, మార్కెట్ రేటు 10 శాతం, 5 ఏళ్లు, ఆరు నెలలకోసారి వడ్డీ. ఇష్యూ ధర 92,278; ఇది ముఖవిలువకన్నా ఎంత తక్కువో అదే డిస్కౌంట్.

1. నగదు వడ్డీ: 1,00,000 మీద 4 శాతం (ఆరు నెలలకి కాబట్టి 8లో సగం), 4,000. ఇది చివరిదాకా మారదు.

2. మొదటి వడ్డీ ఖర్చు: 92,278 మీద 5 శాతం (10లో సగం), 4,614. నగదు వడ్డీతో తేడా 614. ఇంతవరకూ మీది కరెక్టే.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఆ 614ని 92,278కి కలపాలి. కొత్త క్యారీయింగ్ వాల్యూ 92,892. రెండో వడ్డీ ఖర్చు దీని మీద వేయాలి, అంటే 4,645. మీరు మళ్లీ 4,614 వేశారు. డిస్కౌంట్‌లో ఈ ఖర్చు ప్రతిసారీ కొంచెం పెరగాలి. పెరగట్లేదంటే ఎక్కడో పాత అంకె ఉండిపోయినట్టే. (ప్రీమియం బాండైతే, అంటే ముఖవిలువకన్నా ఎక్కువకి ఇష్యూ చేసినదైతే, తేడాని తీసేయాలి, ఖర్చు తగ్గుతూ వస్తుంది.)

4. ఎక్సెల్‌లో ప్రతి వరుస ఓపెనింగ్‌ని పై వరుస క్లోజింగ్‌కి లింక్ చేయండి. చేత్తో టైప్ చేయొద్దు.

పదో పీరియడ్‌లో (చివరి ఆరు నెలల్లో) ఒకటి రెండు రూపాయల తేడా వస్తే టెన్షన్ పడకండి, అది రౌండింగే. మిగిలిన డిస్కౌంట్ మొత్తం అక్కడే వేసి 1,00,000కి తెచ్చేయండి.