పిన్ అడిగే టోకెన్‌తో కోడ్ సైనింగ్‌ను పైప్‌లైన్‌లో ఎలా నడపాలి?

మీ పైప్‌లైన్‌లో, అంటే కోడ్‌ను తయారుచేసి విడుదల చేసే స్వయంచాలక పనుల వరుసలో, బిల్డ్ అంతా దానంతట అదే నడుస్తున్నా, విండోస్ ఇన్‌స్టాలర్‌పై డిజిటల్ సంతకం (కోడ్ సైనింగ్) దగ్గరికి వచ్చేసరికి సంతకపు కీ ఉన్న యూఎస్‌బీ టోకెన్ పిన్ అడుగుతూ ఆగిపోతోందని రాశారు. పాత పద్ధతిలో సర్టిఫికెట్‌నూ దాని ప్రైవేట్ కీనీ కలిపి ఉంచే పీఎఫ్ఎక్స్ ఫైలును పైప్‌లైన్ సీక్రెట్‌గా దాచుకోవచ్చా అని కూడా అడిగారు. కొత్త సర్టిఫికెట్‌కు ఆ దారి లేదు. సర్టిఫికెట్ జారీ సంస్థలు, బ్రౌజర్ తయారీదారుల వేదిక అయిన సీఏ/బ్రౌజర్ ఫోరం నిబంధనల ప్రకారం 2023 జూన్ 1 నుంచి జారీ అయ్యే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ల ప్రైవేట్ కీ, ఫిప్స్ 140-2 లెవెల్ 2 లేదా కామన్ క్రైటీరియా ఈఏఎల్ 4+ అనే భద్రతా ప్రమాణాల స్థాయి హార్డ్‌వేర్‌లోనే ఉండాలి.

నేను పనిచేసిన బృందంలో మొదట టోకెన్‌ను ఒక ప్రత్యేక యంత్రానికి తగిలించి నడిపాం. పైప్‌లైన్ జాబ్‌లను నడిపే ప్రోగ్రామ్ అయిన రన్నర్‌ను విండోస్ సర్వీసుగా పెడితే పిన్ కిటికీ ఎవరికీ కనబడని సెషన్‌లో తెరుచుకుంటుంది, జాబ్ గడువు తీరేదాకా అలాగే వేచి ఉంటుంది. రిమోట్ డెస్క్‌టాప్‌తో లోపలికి వెళ్తే ఆ యంత్రానికి తగిలించిన టోకెన్ సాధారణంగా కనిపించదు. లాగిన్‌కు ఒకసారే పిన్ అడిగేలా టోకెన్ సాఫ్ట్‌వేర్‌ను అమర్చి, పిన్‌ను స్క్రిప్టుతో ఇప్పించి పని గడుపుకోవచ్చు. అయితే యంత్రం రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఎవరో ఒకరు చూసుకోవాలి, స్క్రిప్టు తప్పు పిన్‌ను పదే పదే పంపితే టోకెన్ లాక్ అవుతుంది, పైగా పిన్ అదే యంత్రంలో ఫైలుగా పడి ఉంటే కీని హార్డ్‌వేర్‌లో పెట్టిన ప్రయోజనం చాలావరకు పోతుంది. అరుదుగా, మనిషి చేతి మీదుగా జరిగే విడుదలలకు టోకెన్ సరిపోతుంది. పైప్‌లైన్‌కు మాత్రం కీని క్లౌడ్ హెచ్ఎస్ఎంలో (కీలను భద్రపరిచి, వాటితో సంతకం చేసే ప్రత్యేక హార్డ్‌వేర్‌లో) ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

అజూర్ కీ వాల్ట్ ప్రీమియం, గూగుల్ క్లౌడ్ కేఎంఎస్ వంటివి ఇందుకు పనికొస్తాయి. సర్టిఫికెట్ కొనేముందే, కీ హార్డ్‌వేర్‌లో ఉందనడానికి ఏ రుజువును అంగీకరిస్తారో జారీ సంస్థను అడగండి. అజూర్‌సైన్‌టూల్, జేసైన్ వంటి సాధనాలు ఫైలు మొత్తాన్ని పంపవు. దాని హ్యాష్‌ను (ఫైలు నుంచి లెక్కగట్టే చిన్న వేలిముద్ర లాంటి విలువను) మాత్రమే హెచ్ఎస్ఎంకు పంపి సంతకం తెచ్చుకుంటాయి కనుక ఇన్‌స్టాలర్ ఎంత పెద్దదైనా ఇబ్బంది లేదు. లాగిన్‌కు శాశ్వత పాస్‌వర్డు పెట్టకుండా, గిట్‌హబ్ యాక్షన్స్ గానీ గిట్‌ల్యాబ్ గానీ ఇచ్చే ఓఐడీసీ టోకెన్‌ను (యూఎస్‌బీ టోకెన్ కాదు, జాబ్ ఎవరిదో తెలిపే డిజిటల్ గుర్తింపు) వాడండి. అది కొద్దిసేపే చెల్లుతుంది, ఏ రిపాజిటరీకి, ఏ బ్రాంచికి అనుమతి ఉండాలో కచ్చితంగా కట్టడి చేయవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది, సంతకాన్ని అడిగే హక్కు ఎవరికి ఉండాలన్న విషయం మీద. 2020లో బయటపడిన సోలార్‌విండ్స్ దాడిలో హానికర కోడ్ బిల్డ్ జరుగుతున్నప్పుడే చేరింది. ఆ తర్వాత పడిన సంతకం సంస్థ అసలు సంతకమే. కీ ఎంత భద్రంగా ఉన్నా పైప్‌లైన్ ఏది అందిస్తే దానిమీద సంతకం పడుతుంది. అందుకే మేము సైనింగ్‌ను వేరే జాబ్‌గా విడదీశాం. అందులో బిల్డ్ స్క్రిప్టులు గానీ బయటి ప్యాకేజీలు గానీ నడవవు, రక్షిత ట్యాగ్‌లకు (అనుమతి ఉన్నవారే పెట్టగల విడుదల గుర్తులకు) తప్ప అది మొదలు కాదు, ఒకరు ఆమోదించాకే ముందుకు సాగుతుంది. పుల్ రిక్వెస్టుల (ఇంకా కలపని మార్పుల ప్రతిపాదనల) బిల్డ్‌లకు స్వయంగా తయారుచేసుకున్న పరీక్షా సర్టిఫికెట్ చాలు. హెచ్ఎస్ఎం లాగ్‌లోని సంతకాల సంఖ్యను విడుదల చేసిన ఫైళ్లతో సరిపోల్చే అలవాటు కూడా పెట్టుకోండి.

టైమ్‌స్టాంప్ తప్పనిసరి. సంతకం ఎప్పుడు పడిందో ధ్రువీకరించే ఆర్ఎఫ్‌సీ 3161 టైమ్‌స్టాంప్ ఉంటేనే సర్టిఫికెట్ గడువు ముగిశాక కూడా సంతకం చెల్లుతుంది; 2026 మార్చి 1 నుంచి జారీ అయ్యే సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 460 రోజులకు తగ్గింది కాబట్టి దీని అవసరం ఇంకా పెరిగింది. టైమ్‌స్టాంప్ సర్వర్లు అప్పుడప్పుడు స్పందించవు. కొంత విరామం ఇచ్చి మళ్లీ ప్రయత్నించేలా రాయండి, అప్పటికీ రాకపోతే బిల్డ్‌ను విఫలం చేయండి. చివర సంతకాన్ని సరిచూసే సైన్‌టూల్ వెరిఫై ఆదేశాన్ని 'పీఏ' ఆప్షన్‌తో నడపండి; అది లేకపోతే డ్రైవర్లకు వర్తించే విధానంతో తనిఖీ చేసి, సరైన సంతకాన్ని కూడా తప్పుగా చూపవచ్చు.

వరుస కూడా ముఖ్యమే: ముందు లోపలి ఈఎక్స్ఈ, డీఎల్ఎల్ ఫైళ్లు, తర్వాత ప్యాకేజింగ్, ఆ తర్వాత ఇన్‌స్టాలర్. అన్‌ఇన్‌స్టాలర్‌ను చాలామంది మరచిపోతారు. ఇన్‌స్టాలర్లు తయారుచేసే ఇన్నో సెటప్‌లో దానికి ప్రత్యేక అమరిక ఉంది.

కొత్త సర్టిఫికెట్‌లో ప్రచురణకర్త పేరు పాతదానితో అక్షరం పొల్లు పోకుండా ఒకటిగా ఉండేలా చూసుకోండి. ఎలక్ట్రాన్ యాప్‌లను నవీకరించే ఎలక్ట్రాన్ అప్‌డేటర్ లాంటివి ఆ పేరును సరిచూస్తాయి. తేడా వస్తే ఇప్పటికే వాడుకలో ఉన్న ప్రతులు కొత్త విడుదలను తిరస్కరిస్తాయి.