సిగ్నల్‌కి మా తమ్ముడి బైకు ఎందుకు కనపడదు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా తమ్ముడు అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ మధ్య సెకండ్ హ్యాండ్‌లో 300 సీసీ బైకు కొన్నాడు. తెల్లవారుజామున డ్యూటీకి పోయేటప్పుడు ఒక సెంటర్‌లో లెఫ్ట్ టర్న్ లేన్‌లో ఎంతసేపు నిలబడినా వాడికి గ్రీన్ పడదంట. వెనకాల ఏదైనా కారు వచ్చి ఆగితేనే పడుతుందంట. బండి బరువు చాలదని ఒక ఫ్రెండ్ అన్నాడు. బండి కింద అయస్కాంతం అంటిస్తే సరిపోతుందని ఇంకొకతను చెప్పి, ఆన్‌లైన్‌లో అమ్మేది కూడా చూపించాడంట. చీకట్లో ఒక్కడే అట్లా నిలబడతాడని అమ్మకు ఒకటే టెన్షన్. ఏం చేస్తే వాడికి గ్రీన్ పడుతుంది?
– ఒక సోదరి, కావలి

జవాబు: అమ్మాయ్, ముందు బరువు మాట పక్కన పెట్టు. ఆ రోడ్డు కింద కాటా లేదు. రంపంతో రోడ్డును సన్నగా కోసి, ఆ గాడిలో రాగి తీగను మూడు నాలుగు చుట్లు వేసి, పైన తారు లాంటి దానితో పూడ్చేస్తారు. దాన్నే లూప్ అంటారు. చాలా చోట్ల ఇది సుమారు 6 అడుగుల చదరంగా, లేన్ మధ్యలో, స్టాప్ లైనుకు కాస్త వెనకగా ఉంటుంది. తీగ రెండు కొసలూ రోడ్డు పక్కన ఉన్న పెట్టెలోని డిటెక్టర్‌కు పోతాయి. డిటెక్టర్ ఆ తీగలో సెకనుకు పదివేల నుంచి రెండు లక్షల సార్లు దిశ మారే కరెంటును నడుపుతుంది. పైన లోహం వచ్చి నిలబడితే ఆ లోహంలో సుడి కరెంట్లు పుడతాయి. అవి తీగ చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రానికి ఎదురు తిరుగుతాయి. దాంతో తీగ ఇండక్టెన్స్ (కరెంటు మారడాన్ని అడ్డుకునే గుణం) కొంచెం తగ్గి, ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు కరెంటు దిశ మారే లెక్క, కొంచెం పెరుగుతుంది. ఆ కొంచెం తేడా కనిపిస్తేనే బండి వచ్చిందని డిటెక్టర్ లెక్క వేసుకుంటుంది.

బరువుతో పనిలేదనడానికి ఒక్క ఉదాహరణ చాలు. టన్నుల బరువున్న లారీ ఛాసిస్ నేలకు బాగా ఎత్తులో ఉంటుంది. అందుకే రోడ్డుకు దగ్గరగా ఉండే చిన్న కారు తెచ్చినంత మార్పు కూడా లారీ తేలేకపోవచ్చు. కారు అడుగు భాగమంతా వెడల్పాటి లోహం కాబట్టి ఎక్కడ ఆగినా లూప్‌కు కనపడుతుంది. బైకులో నేలకు దగ్గరగా ఉండే లోహం తక్కువ, వెడల్పూ లేదు. మీవాడు లేన్ నడిమధ్యన, చదరానికి సరిగ్గా మధ్యలో ఆగుతున్నాడేమో అడుగు. బైకుకు చదరం లూప్‌లో అన్నిటికన్నా పనికిరాని చోటు అదే.

ఎందుకో చెప్తాను. అయస్కాంత క్షేత్రం తీగను చుట్టుకుని తిరుగుతుంది. చదరం నడిమధ్యలో అది నిట్టనిలువుగా పైకి పోతుంది. బైకు చక్రమూ నిలువుగానే ఉంటుంది కాబట్టి క్షేత్రం దాని పక్కనుంచి జారిపోతుంది తప్ప రిమ్ములోంచి దూరదు. సరిగ్గా తీగ మీద మాత్రం క్షేత్రం అడ్డంగా వంగుతుంది. అక్కడ చక్రం నిలబడితే క్షేత్రం రిమ్ములోంచి దూరి వెళ్తుంది, రిమ్ము చుట్టూ కరెంటు పుడుతుంది. అందుకే చదరం లూప్‌లో ఎడమ అంచుమీదో కుడి అంచుమీదో, రెండు చక్రాలూ రోడ్డు కోసిన ఆ గీత వెంబడే వచ్చేలా ఆపాలి. కొన్ని చోట్ల లూప్‌ను ఇంగ్లీషు ఎనిమిది అంకెలా చుడతారు. అప్పుడు రోడ్డు మీద పక్కపక్కనే రెండు పొడుగు పెట్టెలు గీసినట్టు ఉంటుంది. అక్కడ నడిమి గీత మీద ఆపాలి. ఆ గీతలో తీగలన్నిటిలోనూ కరెంటు ఒకే వైపు పోతుంది కాబట్టి క్షేత్రం బలంగా ఉండేది అక్కడే.

చీకట్లో గీతలు కనపడవు. ఒక సెలవు రోజు పగలు వెళ్లి, ఫుట్‌పాత్ మీద నిలబడి ఆ లేన్‌ను చూసుకొని రమ్మను. పైన కొత్తగా తారు వేసి గీతలు మూసుకుపోయి ఉంటే కారు టైర్లు పోయే జాడ మీద ఆగాలి. 12 అడుగుల లేన్‌లో 6 అడుగుల లూప్ మధ్యన ఉంటే దాని అంచులు ఇంచుమించు అక్కడికే వస్తాయి. స్టాప్ లైను దాటి ముందుకు పోతే లూప్ వెనకపడిపోతుంది. ఆగాక ముందుకూ వెనక్కూ జరగకుండా ఉండటం కూడా ముఖ్యం. బండి లూప్ మీద ఉన్నంతసేపే లెక్కలోకి తీసుకుని, పక్కకు జరగగానే మరిచిపోయేలా కొన్ని లూపులను అమర్చి ఉంటారు.

అల్లాయ్ వీల్స్ అల్యూమినియంవి కదా, అవి పనిచేస్తాయా అని మీవాడికి అనుమానం రావచ్చు. మన వంటింట్లో ఇండక్షన్ స్టవ్ మీద అల్యూమినియం గిన్నె వేడెక్కదు కాబట్టి ఈ అనుమానం సహజమే. స్టవ్‌లోనూ పుట్టేవి సుడి కరెంట్లే. అల్యూమినియంలో కరెంటు సులువుగా పారిపోతుంది, అడ్డు తక్కువ, అందుకని వేడి పుట్టదు. సిగ్నల్‌కు వేడితో పనిలేదు, కరెంటు బాగా పారడమే కావాలి. ఆ లెక్కన అల్యూమినియం రిమ్ము మంచిదే.

అయస్కాంతానికి డబ్బులు పెట్టొద్దని గట్టిగా చెప్పు. అయస్కాంతం తెచ్చేది కదలని, మారని క్షేత్రం. డిటెక్టర్ చూసేది అది కాదు. ఆ చిన్న బిళ్లలోని లోహం తెచ్చే మార్పూ లెక్కలోకి రాదు. సైడ్ స్టాండ్ కిందికి దించితే పడుతుందని కూడా ఎవరో ఒకరు చెప్తారు. వద్దు. దానివల్ల ఒరిగేది ఏమంత లేదు, గ్రీన్ పడ్డ తొందరలో స్టాండ్ తీయడం మరిచిపోతే మలుపులో ప్రాణం మీదికి వస్తుంది. మన దగ్గరైతే ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా వెనకనుంచి వచ్చి "అన్నా, స్టాండ్!" అని అరిచి పోతారు. అక్కడ ఆ చీకట్లో అరిచేవాళ్లు ఎవరున్నారు?

రోడ్డు మీద గీతలే లేకపోతే తల పైకెత్తి చూడమను. సిగ్నల్ స్తంభం మీద కెమెరానో, రాడార్ పెట్టెనో ఉండవచ్చు. అప్పుడు స్టాప్ లైను వెనకే లేన్ మధ్యలో, హెడ్‌లైట్ వేసి ఆగడమే సరైన పద్ధతి.

ఇవన్నీ చేసినా పడకపోతే తప్పు మీవాడిది కాదు. ఆ డిటెక్టర్‌కు సున్నితత్వం పెంచే, తగ్గించే ఏర్పాటు ఉంటుంది. మరీ పెంచితే పక్క లేన్‌లో పోయే బండిని కూడా పట్టేస్తుందని తగ్గించి పెట్టి ఉంటారు. ఆ రోడ్డు చూసుకునే ట్రాఫిక్ విభాగానికి రాయమను. ఏ సెంటర్, ఏ వైపునుంచి, ఏ లేన్, ఏ టైము, ఏ బండి అన్నీ ఉండాలి. "సిగ్నల్ పనిచేయడం లేదు" అని ఊరికే రాస్తే వాళ్లు పగలు కారులో వచ్చి చూసుకుని, బాగానే ఉందనుకుని పోతారు.

మీ అమ్మగారికి ఈ ముక్క చదివి వినిపించు. వర్జీనియా చట్టంలో మోటార్ సైకిళ్లకు ఒక వెసులుబాటు ఉంది. పూర్తిగా ఆగి, సిగ్నల్ రెండు విడతలు తిరిగేదాకా గానీ రెండు నిమిషాలు గానీ, ఏది ముందైతే అంతవరకు నిలబడాలి. ఆ తర్వాత కూడా అడ్డంగా వచ్చే బండ్లకు దారి ఇచ్చి, ప్రమాదం లేదని చూసుకున్నాకే ఎర్ర దీపం దాటవచ్చు. కాబట్టి మీవాడు తెల్లారేదాకా అక్కడే ఇరుక్కుపోడు. అయితే అక్కడ బండ్లు కుడిపక్క నడుస్తాయి. లెఫ్ట్ టర్న్ అంటే మనకు రైట్ టర్న్ లాంటిది, ఎదురు వచ్చే బండ్లకు అడ్డంగా పోవాలి. రెండు నిమిషాలు కాగానే కళ్లు మూసుకుని దూకమని చట్టం చెప్పలేదు. ఇంకో రాష్ట్రానికి పోతే ఈ రూలు మారిపోతుంది. విస్కాన్సిన్‌లో ఆగాల్సింది 45 సెకన్లు. అసలు ఈ వెసులుబాటే లేని రాష్ట్రాలూ ఉన్నాయి. కాలిఫోర్నియా 2007లో వేరే పద్ధతి తెచ్చింది. కొత్తగా పెట్టే డిటెక్టర్లు సైకిల్‌నూ మోటార్ సైకిల్‌నూ పట్టుకునేలా ఉండాలని చట్టం చేసింది. నాకు ఇదే న్యాయంగా తోస్తుంది. రోడ్డు వాడుకునే మనిషిని యంత్రం గుర్తుపట్టాలి గానీ, యంత్రం కోసం మనిషి రూలు తప్పే అవసరం ఎందుకు రావాలి?

ప్రశ్న: రాత్రి షాపు మూసి ఇంటికి పోయేటప్పుడు రోడ్డంతా ఖాళీగా ఉన్నా రెడ్ దగ్గర ఆగాల్సి వస్తోంది. మన సిగ్నళ్లకు కూడా బైకు ఆపే చోటు ఏదైనా ఉందా?
– ఒక పాఠకుడు, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: మన ఊళ్లలో ఎక్కువ సిగ్నళ్లు టైము లెక్కన నడిచేవే. బండి ఎక్కడ ఆపినా వాటికి తెలియదు. బెంగళూరు లాంటి నగరాల్లో కెమెరాలతో రద్దీ చూసి టైము మార్చే సిగ్నళ్లు పెట్టారు. లేన్ల ప్రకారం ఆగని చోట, పైపులైన్ల కోసం పదేపదే రోడ్డు తవ్వే చోట తీగల లూప్ నిలవదు. లూప్ ఎట్లా ఉంటుందో చూడాలంటే టోల్ గేట్ లేన్లలో బూమ్ (దారికి అడ్డంగా పడే కర్ర) దగ్గర నేలను గమనించండి. బండి కింద ఉండగా బూమ్ పడకుండా చూసేందుకు వాడేది ఇలాంటిదే.

రాత్రిళ్లు పసుపు దీపం మిణుకుతుంటే వేగం తగ్గించి చూసుకుని పోవచ్చు. నిలకడగా ఎరుపు ఉంటే మాత్రం ఆగాల్సిందే. 2019 సవరణ తర్వాత రెడ్ దాటడం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరమైన డ్రైవింగ్‌లోకి కూడా వస్తుంది. ఖాళీ రోడ్డు అనుకున్న చోటే అడ్డరోడ్డులోంచి లైటు లేని ట్రాక్టర్ వస్తుంది, నాయనా. అర్ధరాత్రి దాకా రెడ్ నడుస్తుంటే, మిణుకు పసుపు పెట్టమని ట్రాఫిక్ పోలీసులకు మీ వీధివాళ్లంతా కలిసి అర్జీ ఇవ్వండి.

ప్రశ్న: కాయిల్‌లో ఇనుము పెడితే ఇండక్టెన్స్ పెరుగుతుందని చదివాం. లూప్ మీదికి ఉక్కు బండి వస్తే తగ్గడం ఏమిటి?
– ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: మంచి ప్రశ్న వేశావు అబ్బయ్యా. ఉక్కు రెండు పనులూ చేస్తుంది. అయస్కాంత గుణంతో పెంచబోతుంది, సుడి కరెంట్లతో తగ్గించబోతుంది. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర రెండోదే గెలుస్తుంది. మీ ల్యాబ్‌లో కాయిల్, కెపాసిటర్‌తో ఒక ఆసిలేటర్ కట్టి స్కోప్‌కు తగిలించు. కాయిల్ దగ్గరికి ముందు అల్యూమినియం రేకు, తర్వాత పాత రేడియోలోని ఫెర్రైట్ కడ్డీ తీసుకురా. రేకుకు ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. ఫెర్రైట్‌లో కరెంటు పారడం కష్టం కాబట్టి దానికి తగ్గుతుంది. ఆ తర్వాత ఉక్కు పళ్లెం పెట్టి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత మార్పు వచ్చిందో రాసి పంపు.